బొటనవేలి గోరంత

మా వదినకి చాకు పట్టుకోవడం రాదు. వంటింట్లో ఏది కోయాలన్నా కత్తెరే. కొత్తగా మా ఇంటికి వచ్చిన రోజుల్లో ఆకుకూర కత్తిరించింది, పాల ప్యాకెట్టు కత్తిరించింది, ఆఖరికి కోడిమాంసం కూడా కత్తెరతోనే కానిచ్చింది. "ఇదేం చోద్యం వదినా, రేపు మా అన్నయ్య జుట్టుకీ ఇదే కత్తెరా?" అని నేను ఎకసెక్కమాడితే, "దానికి వేరే ఉంది" అంటూ సంచిలోంచి ఇంకోటి తీసి చూపించింది. అన్నంత పనీ చేసింది. ఇన్నేళ్ళలో మా అన్నయ్య మంగలి షాపు గడప తొక్కలేదు.

ఆవిడ పని బట్టలు కత్తిరించడం. కోట్లు, యూనిఫారాలు కుట్టే పెద్ద టైలరింగ్ షాపులో కటింగ్ మాస్టర్. కుట్టేవాళ్ళు వరసగా మిషన్ల ముందు కూర్చుంటారు, కత్తిరించే బల్ల దగ్గర మాత్రం ఒక్కరే నిలబడతారు. కుట్టు వంకరపోతే విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు. కత్తెర వంకరపోతే కోటు గుడ్డ కాస్తా మసిగుడ్డ. అందుకే ఆ బల్ల ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వరు. మా వదిన అక్కడ గుండీలు కుట్టే పిల్లగా చేరింది. అప్పటి మాస్టర్‌కి చూపు మందగించి, "అమ్మాయ్, కాస్త ఇటొచ్చి గుడ్డ పట్టుకో" అని పిలవడం మొదలుపెట్టాడు. పట్టుకోవడం గీయడమయింది, గీయడం కత్తిరించడమయింది. ఆయన మానేసి వెళ్ళిపోయాక కత్తెర ఈవిడ చేతిలోనే ఉండిపోయింది. షాపులో అందరూ 'మాస్టరమ్మా' అంటారు. మా అన్నయ్య ఇంట్లో 'మాస్టర్' అంటాడు, సగం వేళాకోళం, సగం గర్వం.

అన్నిట్లోనూ కాస్త ఎక్కువ ఉంచుకునే రకం మా వదిన. నలుగురికి వండమంటే ఐదుగురికి వండుతుంది. బస్సు రావడానికి ఎంతో ముందే స్టాపులో నిలబడుతుంది. ప్రతి కోటు లోపలా ఒక గుండీ ఎక్కువే కుట్టిస్తుంది. ఎందుకు వదినా ఈ చాదస్తం అంటే ఒకటే మాట. "ఎక్కువైతే లోపలికి మడుచుకోవచ్చు. తక్కువైతే ఎవడొచ్చి అతికిస్తాడు?" ఈ మాట నేను వెయ్యిసార్లు విని ఉంటాను. వెయ్యిసార్లూ నాకు ఒళ్ళు మండింది, ఎందుకంటే ప్రతిసారీ ఆవిడే గెలిచేది.

మా అన్నయ్య బస్సు కండక్టరు. నోరు పెట్టుకుని బతికిన మనిషి. "దిగేవాళ్ళని దిగనివ్వండి, ఎక్కేవాళ్ళు ఆగండి, ముందుకు జరగండమ్మా, వెనక కావలసినంత ఖాళీ!" బస్సులో ఇదే పాట, ఇంట్లో కంచం ముందూ ఇదే పాట. తినేటప్పుడు మాట్లాడకు అని మా అమ్మ ఉన్నన్నాళ్ళూ చెప్పీ చెప్పీ అలిసిపోయింది. ఆయనకి తగ్గట్టే కూతురు. బడికి వెళ్ళే వయసు రాకముందే ఆ పిల్ల నోరు మూతపడేది కాదు. దాన్ని వసపిట్ట అని నేనే పిలిచాను, అదే ఖాయమైపోయింది. తండ్రీకూతుళ్ళు ఎదురెదురుగా కూర్చుంటే మూడో మనిషి ఉప్పు అడగడానికి కూడా సందు దొరికేది కాదు.

ఒకరోజు నడుస్తున్న బస్సులో "రైట్ రైట్" అనబోతే ఆ మాట నోట్లోనే ముద్దయిపోయింది. డ్రైవరు వేళాకోళమనుకుని నవ్వాడట. మళ్ళీ వెనక్కి తిరిగి చూసేసరికి మనిషి మెట్ల మీద ఒరిగి ఉన్నాడు.

పక్షవాతం. కాలు కొంత తిరిగి వచ్చింది, చెయ్యి కొంత తిరిగి వచ్చింది. మాట ముద్దముద్దగా వచ్చింది. రానిది మింగుడు. గొంతులో తిండికి ఒక దారి, ఊపిరికి ఒక దారి ఉంటాయి కదా, ఏది ఎటు పోవాలో చెప్పే నరం దెబ్బతింది. గుక్కెడు నీళ్ళు తాగినా ఊపిరితిత్తుల్లోకి పోయేవి. ఆస్పత్రిలో ముక్కులోంచి గొట్టం వేస్తే అన్నయ్య బాగున్న చేత్తో పీకేశాడు. మళ్ళీ వేశారు, మళ్ళీ పీకాడు. ఇంటికి పంపేటప్పుడు పెద్ద డాక్టరు విసుగు దాచుకోకుండానే చెప్పాడు. మెత్తగా రుబ్బిన తిండి నోటితో పెట్టి చూడండి, మళ్ళీ వచ్చేసరికి బరువు ఇంకా తగ్గితే పొట్టకి రంధ్రం చేసి అక్కడ గొట్టం పెట్టాల్సిందే, ఇక వేరే దారి లేదు.

ఇంటికి తిరిగొస్తుంటే కారులో అన్నయ్య నెమ్మదిగా, ఒక్కో మాటా కూడబలుక్కుని అన్నాడు.

"గొట్టం పెడితే... నా స్టాపు వచ్చినట్టే. దిగిపోతా."

వదిన వినపడనట్టు కిటికీ అద్దం పైకెత్తింది. అన్నమాట మీద నిలబడే మనిషి కాదు మా అన్నయ్య. పొద్దున అన్నది సాయంత్రానికి మర్చిపోతాడు. కానీ ఈ ఒక్కమాట మర్చిపోడని ఎందుకో నాకు తెలిసిపోయింది.

ఇక ఇంట్లో రుబ్బుడు మొదలైంది. బంగాళాదుంప గుజ్జు, కూర గుజ్జు, మాంసం గుజ్జు. రంగు చూసి అదేమిటో చెప్పుకోవాలి. అన్నయ్య వెనకగదిలో గోడవైపు తిరిగి కూర్చుని తినేవాడు, ఎవర్నీ రానిచ్చేవాడు కాదు. మెడకి గుడ్డ కట్టుకుని చొంగ కారుస్తూ తినడం కూతురు చూడకూడదని ఆయన పంతం. తినేవాడు అని అన్నాను గానీ, రెండు చెంచాలు పోయేవి, మిగతాది గిన్నెలోనే ఆరిపోయేది. గోడతో మాట్లాడుతూ ఎంత తింటాడు ఎవడైనా?

వదిన ఆయన ప్యాంట్లు లోపలికి మడిచి కుట్టింది. కొన్నాళ్ళకి మళ్ళీ మడిచింది. ఆ తర్వాత ఒకరోజు నేను వెళ్ళేసరికి ప్యాంటు ఒళ్ళో పెట్టుకుని మిషను ముందు ఊరికే కూర్చుని ఉంది.

"ఏంటి వదినా?"

"ఇంక మడవడానికి చోటు లేదే. జేబులు రెండూ వెనక కలిసిపోతున్నాయి."

ఆవిడ ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. దారం కొరికి, సూది దిండుకి గుచ్చి, వంటింట్లోకి పోయి మిక్సీ వేసింది. ఆ చప్పుడు వింటుంటే నాకు ఆ మిక్సీని వీధిలోకి విసిరేయాలనిపించింది.

మింగడం నేర్పడానికి ఆస్పత్రి నుంచి ఒక అమ్మాయి ఇంటికి వచ్చేది. మింగుడు టీచర్ అనేవాళ్ళం. చిన్నదైనా గట్టిది. గడ్డం గుండెలకి ఆనించి మింగాలి, వెంటనే ఇంకోసారి ఉత్తినే మింగాలి, తర్వాత ఏదైనా ఒక మాట పలకాలి, గొంతు తడితడిగా పలికితే ఇంకోసారి మింగాలి. ఈ వరస అన్నయ్యతో వల్లె వేయించింది. ఒకరోజు ఆయన గొంతు మీద వేళ్ళు ఆనించి చాలాసేపు చూసి, "గుజ్జు దాటి ఒక మెట్టు ఎక్కొచ్చు. ముక్కలు పెట్టి చూద్దాం" అంది.

"ఏం ముక్కలమ్మా?" అంది వదిన.

"బాగా నానిన మెత్తటిది ఏదైనా సరే. చెంచాతో నొక్కితే నలిగిపోవాలి, వదిలేస్తే మళ్ళీ పైకి లేవకూడదు. పొడి బ్రెడ్డు మాత్రం వద్దే వద్దు. ముక్క నా బొటనవేలి గోరంతే ఉండాలి. అంతకంటే ఏమాత్రం పెద్దది వద్దమ్మా. ఇంకోటి, ఆయన్ని ఒంటరిగా తిననివ్వకండి. నలుగురిలో కూర్చోబెట్టండి."

"ఫ్రెంచ్ టోస్ట్!" అని తలుపు వెనకనుంచి అరిచింది వసపిట్ట.

పేరుకి ఫ్రెంచి గానీ మా ఇంట్లో అది సెలవురోజు టిఫిను. గుడ్లు, పాలు, పంచదార గిలక్కొట్టి, బ్రెడ్డు ముంచి, వెన్నతో పెనం మీద కాల్చడం. డ్యూటీ లేని ఆదివారం పొద్దున అన్నయ్యే చేసేవాడు, సగం మాడ్చేవాడు, మాడినవి నాకు పెట్టేవాడు. టీచర్ కాసేపు ఆలోచించింది. "అంచులు తీసేసి, లోపలిదాకా బాగా నానబెట్టి, సన్నటి సెగ మీద మూతపెట్టి చేస్తే పనికొస్తుంది. పైన పెచ్చు కట్టకూడదు" అంది.

వదిన వెంటనే అట్టముక్క తెచ్చింది. టీచర్ బొటనవేలు దాని మీద పెట్టించి, గోరు చుట్టూ పెన్సిలు తిప్పి, దాన్ని చదరం చేసి కత్తిరించింది. కోటు కుట్టేముందు చేతికో కాలరుకో అట్టతో నమూనా కత్తిరించుకుంటారే, అలా. టీచర్ ఆ చదరాన్ని గోరు మీద ఆనించి చూసి, "సరిగ్గా ఇదే కొలత" అని నవ్వింది. ఎన్నాళ్ళకో ఆ ఇంట్లో ఎవరో నవ్వారు.

ఇక వసపిట్టని పట్టుకోవడం మా తరం కాలేదు. బల్లంతా బస్సు అంది. నాన్న కండక్టర్ అంది. ముక్క నోట్లో పెట్టుకోగానే అది, నాన్న బస్సు ఆపించేటప్పటిలాగే, "హోల్డాన్!" అంటుందట, అందరూ గడ్డం దించి మింగి, మళ్ళీ మింగి, కదలకుండా ఉండాలట. నాన్న "రైట్" అంటేనే తర్వాతి ముక్క ముట్టుకోవాలట. ఆయన ఒక్కడే చిన్నముక్కలు తినడం కాదు, అందరికీ అవే, అందరి మెడలకీ గుడ్డలు. టీచర్ చెప్పిన వరసే అది, మాకెవ్వరికీ తట్టలేదు. వదిన నాలుగు మెడగుడ్డలూ ఒకే రంగువి కుట్టింది.

ఆ ఆదివారం పొద్దున నేను వెళ్ళేసరికి వదిన తలస్నానం చేసి, బ్రెడ్డు ముందర పెట్టుకుని నిలబడి ఉంది. అంచులు తీసేసింది. అట్టముక్క పెట్టి, తిప్పి తిప్పి, కత్తెర కచకచా ఆడించింది. కోటు కత్తిరిస్తున్నట్టే ఉందే అని ముచ్చటపడ్డాను. ముక్కలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు వచ్చాయి. గుడ్డూపాలలో నాని ఉబ్బాయి. దాల్చినచెక్క పొడి చల్లి మూత పెట్టింది. ఒక్కోదాన్నీ చెంచాతో నొక్కి చూసింది. నలిగింది. లేవలేదు. అంతా టీచర్ చెప్పినట్టే.

అన్నయ్య వెనకగదిలోంచి తనంతట తనే కర్ర పట్టుకుని వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. మా అందరి మెడల్లో గుడ్డలు చూసి మూతి వంకరగా నవ్వాడు.

"హోల్డాన్!" అంది వసపిట్ట. నలుగురం గడ్డాలు దించాం. మింగాం. మళ్ళీ మింగాం. ఊపిరి బిగబట్టి ఆయన వైపు చూశాం.

"రైట్" అన్నాడు అన్నయ్య. తడి లేదు. గరగర లేదు.

వదిన బల్ల కింద నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగేలా పట్టుకుంది. రెండో ముక్కా "రైట్". మూడోదీ "రైట్". ఇక పిల్లకి పట్టపగ్గాల్లేవు. నాన్న నోట్లో నాలుగో ముక్క ఉండగా గొంతు లావు చేసి, అచ్చం ఆయనలాగే, "ముందుకు జరగండమ్మా, ముందుకు జరగండి, పొట్టలో కావలసినంత ఖాళీ!" అంది.

అన్నయ్యకి నవ్వొచ్చింది.

దగ్గు రాలేదు. దగ్గు వచ్చినా ధైర్యంగా ఉండేది. చప్పుడే లేదు. కళ్ళు పెద్దవయ్యాయి, పెదాలు నీలంగా మారాయి, బాగున్న చెయ్యి బల్లని కొట్టింది, పళ్ళెం కిందపడింది. వదిన ఆయన్ని ముందుకి వంచి వీపు మీద గుద్దుతోంది. నేను వెనకనుంచి పట్టుకుని పొట్ట పైకి అదిమాను, టీచర్ నేర్పినట్టు. ఒకసారి, ఇంకోసారి, ఇంకోసారి. "రండి, ఏవండీ, రండి" అని వదిన ఎవరినో ఇంట్లోకి పిలుస్తున్నట్టు అంటూనే ఉంది. చివరికి ముక్క బయటపడింది. బల్ల మీద, ఊడిపడ్డ మెడగుడ్డ పక్కన. ఆయన పీల్చిన ఊపిరి చప్పుడు వీధి చివరిదాకా వినపడి ఉంటుంది.

ప్రాణం నిలిచింది. నోరు మాత్రం మూతపడింది. ఆ రోజు నుంచి అన్నయ్య ముక్క కాదు కదా, గుజ్జు కూడా వద్దన్నాడు. చెంచా దగ్గరికి వస్తే పళ్ళు బిగించేవాడు. చిక్కబరిచే పొడి కలిపిన నీళ్ళు మాత్రం తాగేవాడు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన రోజు దగ్గరపడుతోంది. బరువు తూచక్కర్లేదు, కళ్ళతో చూస్తే చాలు.

ఇంకో నోరు కూడా మూతపడిందని మాకు ఆలస్యంగా తెలిసింది. వసపిట్ట మాట్లాడటం మానేసింది. అడిగితే తలూపేది. నాన్న గది ముందునుంచి వెళ్ళేటప్పుడు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, మునివేళ్ళ మీద నడిచి పోయేది. మేం ఎవరమూ దాన్ని ఒక్కమాట అనలేదు. అనక్కర్లేకపోయింది. తన నవ్వులాటే నాన్నని చంపబోయిందని ఆ పిల్ల తనంతట తనే తీర్పు చెప్పేసుకుంది.

వదిన రోజూ షాపు నుంచి వస్తూ కొత్త బ్రెడ్డు తెచ్చేది. పాలు ఎక్కువ పోసి చూసింది. గుడ్డు తగ్గించి చూసింది. నానబెట్టే సేపు పెంచింది. వండటం, నొక్కి చూడటం, ఆయన పళ్ళు బిగించడం, తెచ్చి పారబోయడం. "తప్పు ఎక్కడుందో తెలిస్తే చాలే నాకు. అన్నీ చెప్పినట్టే చేశాను కదా. మరి ఎందుకు పట్టేసింది?" అని నన్ను అడిగేది. ఒకసారి పారబోయడానికి వెళ్ళి ఎంతకీ రాలేదు. చూస్తే చెత్తబుట్ట పక్కనే కింద కూర్చుని, ఆ ముక్కలు తనే తింటోంది. కన్నీళ్ళు కారిపోతున్నాయి, తింటూనే ఉంది. "వదులుకోలేనే ఈయన్ని" అంది నోటినిండా బ్రెడ్డుతో. నేనూ పక్కన చతికిలబడి రెండు ముక్కలు తిన్నాను. అంతకంటే ఏం చేయాలో నాకు తోచలేదు.

మింగుడు టీచర్ వచ్చింది. జరిగిందంతా విని, అన్నయ్య గొంతు మళ్ళీ పట్టి చూసి, వంటింట్లోకి వచ్చింది.

"గొంతు బాగానే పనిచేస్తోందమ్మా. నవ్వితే పొలమారొచ్చు, దగ్గు రావచ్చు. కానీ అలా బిగిసి అడ్డం పడకూడదు. ఆ రోజు ఎలా చేశారో నా ముందర ఒకసారి చేయండి."

"అట్ట ఇదిగో. మీ గోరుదే."

"అట్ట సరే. కత్తిరించండి."

వదిన బ్రెడ్డు మీద అట్ట పెట్టింది. కత్తెర తీసింది. అట్ట అంచుకి అరవేలి వెడల్పు బయటగా కత్తెర నడిచింది. చుట్టూ తిరిగింది. ముక్క ఊడి చేతిలో పడింది. రెండోది మొదలుపెట్టబోతుంటే టీచర్ ఆపింది.

"ఆగండి. అంచు మీద కాకుండా అంత బయటికి ఎందుకు కత్తిరించారు?"

"కుట్టుకి వదలాలి కదమ్మా" అంది వదిన, అదేం ప్రశ్న అన్నట్టు.

వదిన చేతిలోని ముక్క వైపు చూసింది. దాని మీద అట్ట పెట్టింది. నాలుగు వైపులా బ్రెడ్డు బయటికి కనపడుతోంది. అది నాని ఉబ్బితే ఎంతవుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

నమూనా ఎప్పుడూ కుట్టయిపోయిన కొలత. గుడ్డని దానికి బయటగా కత్తిరిస్తారు, కుట్టులోకి పోయే గుడ్డ వదిలిపెట్టి. గుండీల పిల్లగా ఉన్నప్పటినుంచీ ఆవిడ చెయ్యి చేస్తున్న పని అదే. ఆ చెయ్యి బ్రెడ్డునీ, గుడ్డనీ వేరుచేసి చూడలేదు. ఎక్కువైతే మడుచుకోవచ్చు అనుకుంది. గొంతులో మడత పెట్టడం ఎవరి తరం?

వదిన కత్తెర బల్ల మీద పెట్టి తన కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా కొట్టింది. మళ్ళీ కొట్టింది. నేను పట్టుకోబోతే విదిలించుకుంది. "ఈ చేత్తోనే. ఈ చేత్తోనే చంపేసేదాన్ని" అంది. టీచర్ ఏదో సర్దిచెప్పబోయింది, ఆవిడ వినలేదు. ఉన్నట్టుండి ఆగిపోయి, "పిల్లేదీ?" అంది.

వసపిట్ట మిషను కింద, తొక్కుడుపలక పక్కన ముడుచుకుని ఉంది. వదిన నేల మీద బోర్లా పడుకున్నంత పని చేసి లోపలికి దూరింది. పిల్ల అరచేతిలో ముక్క పెట్టి, దాని మీద అట్ట పెట్టింది.

"చూడవే. ఇది ఉండాల్సింది. ఇది నేను కత్తిరించింది. చూశావా ఎంత ఎక్కువుందో? నాన్నకి అడ్డం పడింది ఇదే. నీ మాట కాదు. నీ మాట కానే కాదే, బంగారం. అమ్మ కత్తెర."

పిల్ల అట్టని పక్కకి జరిపి, మళ్ళీ పెట్టి, నాలుగు వైపులా వేలితో తడిమి చూసింది. తల్లి కొలతల బుద్ధి దానికీ ఉంది. చాలాసేపటికి నోటిమీది చెయ్యి తీసింది. "నిజంగా?" అంది. అంతే. అంతకుమించి ఒక్కమాట రాలేదు.

మర్నాడు పొద్దున మళ్ళీ బ్రెడ్డు. టీచరూ మళ్ళీ వచ్చింది. నేను పక్కనే నిలబడ్డాను. అట్ట అంచు మీద కత్తెర పెట్టడానికి వదిన పడిన యాతన చూడాల్సిందే. కత్తెర మొన అంచుకి తగలగానే చెయ్యి దానంతట అది బయటికి జరిగేది. ఆపేది. ఊపిరి తీసుకునేది. మళ్ళీ పెట్టేది. కోటు గుడ్డ ఒక్కనాడూ పాడుచేయని మనిషి, బ్రెడ్డు ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి పక్కకి గిరాటేస్తూ, నుదుటి చెమట భుజానికి తుడుచుకుంటూ కత్తిరించింది. టీచర్ ప్రతి ముక్కనీ గోరు మీద పెట్టి చూసి గిన్నెలో వేసింది. ఉబ్బినా ఇబ్బంది లేకుండా గోరు కంటే ఇంకొంచెం చిన్నగానే కత్తిరించమంది. ఆ మాటకి వదిన మొహం చూసి నాకే జాలేసింది.

పళ్ళెం పట్టుకుని వెనకగదిలోకి వెళ్ళాం. అన్నయ్య గోడవైపే ఉన్నాడు. వదిన మంచం మీద కూర్చుంది.

"ఏవండీ, తప్పు నాది. నిన్న చెప్పాను కదా. మీ గొంతుది కాదు, పిల్లది కాదు. ఇప్పుడు అంచు మీదే కత్తిరించాను. మీరు నోరు తెరవకపోతే రేపు వాళ్ళు గొట్టం పెడతారు. పెడితే దిగిపోతానన్నారు. దిగండి. కానీ టిక్కెట్టు కొట్టకుండా నన్నెక్కడ వదిలేసి పోతారు? మీకు దణ్ణం పెడతాను. ఒక్క ముక్క."

అన్నయ్య కదల్లేదు. వదిన ముక్క ఉన్న చెంచా ఎత్తి పట్టుకుంది. తర్వాత తల ఇటు తిప్పి, పళ్ళెంలోకి చూసి, ముద్దమాటతో అడిగాడు.

"కుట్టుకి... వదల్లేదు కదా, మాస్టర్?"

వదిన తల అడ్డంగా ఊపింది. ఆయన నోరు తెరిచాడు.

ముక్క లోపలికి వెళ్ళింది. హోల్డాన్ అనేవాళ్ళు లేరు. పిల్ల గుమ్మం దగ్గర, రెండు చేతులూ నోటిమీద పెట్టుకుని నిలబడి ఉంది. ఆయన గడ్డం దించాడు. గొంతు ముడి పైకి వెళ్ళి కిందికి దిగింది. మళ్ళీ వెళ్ళి దిగింది. నోరు తెరిస్తే మాట తడితడిగా గరగరమంది. వదిన కళ్ళు మూసుకుంది. ఆయన ఇంకోసారి మింగాడు.

"రైట్" అన్నాడు.

ఆ పొద్దున ఆయన పళ్ళెం ఖాళీ చేశాడు. ఎంతసేపు పట్టిందో అడగొద్దు. ఆస్పత్రిలో పెద్ద డాక్టరు ఆయన తింటుంటే స్వయంగా చూసి, గొట్టం మాట తీసేయలేదు గానీ, ఇంకొన్నాళ్ళు చూద్దామన్నాడు. ఆ 'చూద్దాం' పట్టుకునే మేం ఇంటికి వచ్చాం. గట్టెక్కామని చెప్పను. అన్నయ్య ఇప్పుడు మా మధ్యే కూర్చుని తినేవాడు. వసపిట్ట వచ్చి కూర్చునేది, మెడకి గుడ్డ కట్టుకునేది, గడ్డం దించేది. అమ్మ చెప్పింది నమ్మింది, అట్టపెట్టి తనే కొలుచుకుంది. అయినా బల్ల దగ్గర నోరు విప్పేది కాదు. నాన్న నోట్లో ముక్క ఉన్నంతసేపూ ఊపిరి కూడా తీసుకునేది కాదేమో అనిపించేది.

ఆ తర్వాతి ఆదివారం. అన్నయ్య ముక్కలు తింటున్నాడు. వదిన ముందురోజు షాపు నుంచి తెచ్చిన సంచి అలాగే మూల పెట్టి ఉంది. అందులోంచి మంచి నల్లటి కోటు గుడ్డ తొంగిచూస్తోంది, కత్తిరించిన గుడ్డ.

"ఇంటికి పని తెచ్చుకున్నావేంటి వదినా?" అన్నాను.

వదిన తల దించుకుంది. ఇన్నేళ్ళలో ఆవిడ మొహంలో సిగ్గు చూడటం అదే మొదలు.

"పని కాదే. పాడైపోయిన కోటు. షాపులో అందరూ మిషన్లు ఆపి మరీ చూశారు. ఓనరు నోట మాట లేదు. నాకే తెలియలేదు, చెయ్యి అలా పోయింది. ముందుభాగం, వెనకభాగం, చేతులు, అన్నీ సరిగ్గా గీత మీదే కత్తిరించేశాను." ఆగి, చిన్నగా అంది, "కుట్టుకి వదల్లేదు. ఇప్పుడది మన వసపిట్టకి కూడా పట్టదు."

అన్నయ్య నోట్లో ముక్క ఉంది. ఆయన భుజాలు కదిలాయి. కళ్ళు చిన్నవయ్యాయి. నవ్వు వస్తోంది, లోపలినుంచి పొంగుకొస్తోంది. నేను కుర్చీలోంచి లేచాను. వదిన చెంచా వదిలేసింది. పిల్ల మొహం పాలిపోయింది, చేతులు నోటిమీదికి పోయాయి.

అన్నయ్య బాగున్న చెయ్యి ఎత్తాడు. ఆగమన్నట్టు, బస్సు ఆపినట్టు. గడ్డం గుండెలకి ఆనించాడు. భుజాలు ఊగుతూనే ఉన్నాయి, నవ్వుని పళ్ళ వెనకే పట్టుకుని మింగాడు. మళ్ళీ మింగాడు. తలెత్తి, ఎవరి వైపూ కాకుండా, కూతురి వైపే చూశాడు.

"రైట్" అన్నాడు.

అని నవ్వాడు. మూతి ఒకపక్కకి లాగేస్తుంటే, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే, పాత బస్సు నవ్వు నవ్వాడు. ఏమీ అడ్డం పడలేదు. వసపిట్ట ఆయన గొంతువైపే రెప్పవేయకుండా చూసింది. నవ్వు ఆగి మళ్ళీ మొదలయ్యేదాకా చూసింది. అప్పుడు నోటిమీది చేతులు తీసి, తన నోట్లో ముక్కకి గడ్డం దించి, మింగి, మళ్ళీ మింగి, "నాన్నా, ఆ కోటు ఎవరిది? వాళ్ళకేం చెప్తారు? అమ్మని తిట్టారా?" అని గుక్క తిప్పుకోకుండా మొదలుపెట్టింది.